రెండు డిస్కుల కాపలా

నేను ఒక చిప్‌ని. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఓ మూలన అతికించిన గోరంత నల్లటి బిళ్లని. డిస్కులను చూసుకోవడానికి బోర్డులో అసలు కంట్రోలరు ముందే ఉంది. నేను అదనం. పెళ్లిలో ఎందుకైనా మంచిదని ఇంకో గంగాళం అన్నం వండిస్తారే, అలా నన్నూ పెట్టి పంపారు. అట్టపెట్టె మీద మాత్రం నా గొప్పలే పెద్ద అక్షరాల్లో వేశారు. అదనం అంటే మనుషులకు అంత మోజు.

జనగామలో భిక్షపతి ఫొటో స్టూడియోకి చేరాను. పెళ్లి వీడియోలతో డిస్కులు నిండిపోయాక నా అవసరం పడింది. మెకానిక్ యాకూబ్ రెండు కొత్త డిస్కులు నాకు తగిలించి, సెట్టింగుల్లోకి వెళ్లి, రెండింటినీ కలిపి ఒక్కటిగా చూపించే పని అప్పగించాడు. వేగం కోసం ప్రతి వీడియోనూ ముక్కలు చేసి కొంత ఇందులో, కొంత అందులో దాస్తాను. "ఇంకో కాపీ వేరే పెట్టుకో అన్నా" అని చెప్పి యాకూబ్ వెళ్లాడు. భిక్షపతి తలూపాడు. తలూపడానికి ఖర్చేముంది?

ఆ ఏడు రజిత పెళ్లి వీడియో నా దగ్గరికి వచ్చింది. అప్పగింతల్లో ఆమె అన్న శ్రీశైలం పెళ్లికొడుకు చేతులు పట్టుకుని ఏదో చెప్పి ఏడ్చాడు. బోరుబండి మీద పనిచేసే ఆ మనిషి నెల తిరక్కుండానే ఆ బండి కిందే పోయాడు. అతని గొంతు మిగిలింది ఆ వీడియోలోనే. "ఎడిటింగ్ తర్వాత జేసుకో, ఆ అప్పగింతలొక్కటియ్యన్నా" అని రజిత ఫోన్ చేసింది. దసరా పోనీ, ఇస్తానన్నాడు భిక్షపతి.

దసరాకు ఆయుధ పూజ. కెమెరాలు, లైట్లు తుడిచాక మా పెట్టె కూడా విప్పాడు. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. మా సెట్టింగులు గుర్తుండేది దాని పుణ్యమే. దాన్ని ఊడదీసి, కండువాతో మెరిసేలా రుద్ది, పసుపు కుంకుమ పెట్టి మళ్లీ బిగించాడు. ఇంత భక్తిగా ఎవరూ ఎవరి మతీ పోగొట్టి ఉండరు. అప్పగించిన పని మరిచిపోయాను. డిస్కులు విడివిడిగా, ఖాళీగా కనిపించాయి. లోపల అంతా భద్రంగానే ఉంది, నా సెట్టింగు తిరిగి మారిస్తే చాలు. చెప్పడానికి నాకు నోరేది? ఫార్మాట్ చేయనా అని కంప్యూటర్ అడిగింది. పండగపూట కాదనడమెందుకన్నట్టు భిక్షపతి సరే నొక్కాడు. పాతవి లోపలెక్కడో ఉంటాయిలే, యాకూబ్ తీస్తాడులే అనుకుని, ఇంకో పెళ్లి తెచ్చి రెండు డిస్కుల్లోనూ నింపేశాడు.

పండగయ్యాక యాకూబ్ వచ్చి తల పట్టుకున్నాడు. "ఒక్క సెట్టింగ్ మారిస్తే అయిపోవు గదన్నా. మీదికెళ్లి ఇంకో పెళ్లి నింపినవ్. ఇగ రాదు."

ఆ సాయంత్రమే రజిత వచ్చింది. భిక్షపతి దాచకుండా జరిగిందంతా చెప్పాడు. ఆమె మా పెట్టె ముందుకు స్టూలు లాక్కుని కూర్చుంది. నాకు అతని మీద కోపం వచ్చింది, ఆమెను చూస్తే ఏడుపొచ్చింది.

"బొమ్మ పోతే పోయిందన్నా," అంది. "నేను ఏడ్సుకుంట ఇనలే. బ్యాండు మోతల మా ఆయనకు సుత ఇనపడలేదంట. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని నువ్వు పక్కనే ఉంటివి గదా. మా అన్న ఏమన్నడో జర చెప్పు."

భిక్షపతి బల్ల మీది హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"ఏడుపు మంచిగొస్తుందని కెమెరాల మొఖం దగ్గరికి గుంజిన చెల్లె. మాటలు పట్టించుకోలే."