కనక చేతి మూర

ఎజ్రా మేస్త్రీకి రెండే పట్టింపులు. ఆదివారం పని చెయ్యడు. ఇంటి యజమాని చెయ్యి కొలవందే పని మొదలెట్టడు. మొదటిది మిషన్ గుడి నేర్పింది, రెండోది తండ్రి నేర్పాడు. రెండింట్లో ఏది ముఖ్యమని పాస్టరుగారు ఒకసారి అడిగితే, ఎజ్రా చాలాసేపు ఆలోచించి, ఆదివారం సంగతైతే దేవుడితో మాట్లాడుకోవచ్చు అన్నాడు.

చెయ్యి కొలవడమంటే పెద్ద తంతేం కాదు. మోచేతి నుంచి నడిమి వేలి కొసదాకా ఒక వెదురుబద్ద ఆనించి, సరిగ్గా అంత ముక్క కోస్తాడు. అదే మూరకర్ర. గుమ్మం ఎత్తు, కిటికీ, అటక, అరుగు, మంచం, అన్నీ ఆ కర్ర లెక్కనే. టేపు కూడా ఆయన సంచిలో ఉంది. మేకుల షాపువాడి దగ్గర మాత్రం తీస్తాడు. ఇల్లు పూర్తయ్యి గృహప్రవేశం అయ్యేనాడు, ఎవరి చెయ్యి కొలిచారో వాళ్ళే ఆ కర్రను గుమ్మం పైనున్న సందులో దోపాలి. ఇక దాన్ని ఎవరూ తియ్యరు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎజ్రా కట్టిన ఇళ్ళలో ఏ యజమాని నెత్తికీ బొప్పి కట్టలేదు. ఈ సంగతి ఆయన తన నోటితో చెప్పుకోడు. ఎదుటివాళ్ళు చెప్పేదాకా కూర్చుంటాడు.

బూరుగుగుడలో చెక్క ఇల్లు కట్టాలని రవిబాబు కబురు పెట్టాడు. ఈ రవిబాబు పాడేరులో ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. ఆరడుగుల మనిషి. అరకు చూడ్డానికి వచ్చే టూరిస్టులకి అద్దెకిద్దామని ఆయన ఆలోచన. ఆ స్థలంలో అప్పటికే ఒక పాక ఉంది. పాకలో ఆయన అప్ప కనక ఉంటోంది. తల్లీతండ్రీ పోయాక కాఫీ తోట, మిరియాల తీగలు చూసుకుంటూ తమ్ముణ్ణి చదివించింది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరూ అడగలేదు, అడిగుంటే చెప్పేదేమో.

రవిబాబు పాక అరుగు మీద కూర్చుని ఫోన్లో నలభై మూడు చెక్క ఇళ్ళు చూపించాడు. ఎజ్రా కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు.

“ఇదేటి బాబూ, ఇంటి మీద సున్నం ఒలకబోసేసినారు?”

“సున్నం కాదు మేస్త్రీ, మంచు.”

“మన లంబసింగిలో పడే మంచు గడ్డి మీదే సరిగ్గా నిలబడదు గదా.”

“మంచు నువ్వు కట్టక్కర్లేదు. ఇల్లు సూడు.”

“పొయ్యి ఏ పక్కనుంటాది? చెక్క ఇంటికి పొగ తగలకపోతే పురుగు తినేత్తది.”

“పొయ్యి లేదు. కరెంటుది.”

చివరికి ముప్ఫై ఒకటో బొమ్మ ఖాయమైంది. గోడలకి సొంత తోటలోని సిల్వర్ ఓక్. గుమ్మానికి, తలుపులకి మొన్నటి గాలివానకి పడిన పనస.

“మరి ఈ పాక?” అన్నాడు ఎజ్రా.

“ఇల్లు అయిపోగానే పీకేద్దాం. కార్లు పెట్టుకోడానికి జాగా ఉండాలి గదా. అప్ప మాతో పాడేరు వచ్చేత్తది. మేడమీద గది ఖాళీయే.” అప్ప వైపు తిరిగి, “నీకక్కడ బాగుంటాదప్పా” అన్నాడు. అంటూ కుడిచెవి తమ్మె లాక్కున్నాడు.

కనక ఆ చెవిని చూసింది. చిన్నప్పుడు చెరుకుముక్క తిని తినలేదన్న రోజు నుంచీ అబద్ధం వచ్చినప్పుడల్లా వాడి చెయ్యి ఆ చెవి మీదకే పోతుంది. “అలాగేరా” అని టీ పెట్టడానికి లేచింది.

పాడేరు మేడమీద గది సంగతి ఎజ్రాకి తెలుసు. దాని తలుపులు చేసింది ఆయనే. కిటికీ తెరిస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. ఏభై ఎనిమిదేళ్ళు కొండ మీద తెల్లారిన మనిషిని తీసుకెళ్ళి ఆ ట్యాంకు ముందు కూర్చోబెడతారా అని ఎజ్రాకి ఒళ్ళు మండింది. కానీ ఆయన మేస్త్రీ. కట్టమన్నది కట్టాలి, పీకమన్నది పీకాలి.

“బాబూ, సెయ్యి ఇవ్వు, కొలుత్తాను” అన్నాడు.

అప్పటికే రవిబాబు ఫోను మోగుతోంది. “ఆదివారం వత్తాను” అంటూ కారెక్కాడు. ఆదివారం ఎజ్రా పని చెయ్యడు. ఆ తర్వాత నెలన్నర రవిబాబుకి ఆదివారమే కుదిరింది.

చెక్క కోసి ఆరబెట్టడం అయింది, పునాది రాళ్ళు అయ్యాయి, మూరకర్ర లేదు. చివరికి ఒక మంగళవారం ఎజ్రా, సెల్ సిగ్నల్ అందే బండరాయి ఎక్కి ఫోన్ చేశాడు. కనక కింద మిరియాలు ఆరబోస్తోంది.

“బాబూ, నీ సెయ్యి కొలవందే గుమ్మం ఎత్తలేను.”

“మీటింగులో ఉన్నాను మేస్త్రీ. ఎవరి చెయ్యైతే ఏటి? అప్ప అక్కడే ఉంది గదా, దాని చెయ్యి కొలిసెయ్.”

“ఎవలి మూర తీత్తే ఇల్లు ఆల్దే అవుద్ది బాబూ. తరవాత నన్ననొద్దు.”

“అలాగే, అలాగే.”

“ఇంకోపాలి సెప్తన్నాను. కనకమ్మ మూర తీత్తే ఇది కనకమ్మ ఇల్లే.”

“అలాగేనయ్యా బాబూ, బేగి కానీ!”

ఎజ్రా ఫోను జేబులో పడేసుకుని కిందికి దిగాడు. ఫోను కట్ చెయ్యడం ఆయనకి రాదు, అవతలివాళ్ళు చేస్తారు. కనక చెయ్యి కడుక్కుని చాపింది. చిన్న చెయ్యి. ఆవిడ మనిషే నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. వెదురుబద్ద కోస్తుంటే, “నాదెందుకన్నా, నేను ఉండేదా పెట్టేదా” అంది.

“నాకు సెయ్యి కావాల. ఇది సెయ్యి” అన్నాడు ఎజ్రా.

ఇందులో ఆయన చేసిన కుట్రేమీ లేదు. చెప్పాల్సింది రెండుసార్లు చెప్పాడు. అయితే ఆ కర్ర కోసేటప్పుడు సంతోషపడలేదా అంటే, పడ్డాడు. ఆదివారం గుడిలో ఆ సంతోషం గురించి ప్రార్థన కూడా చేశాడు, క్షమించమని మాత్రం అడగలేదు.

నాలుగు నెలలు పట్టింది. చెక్కలు కోసే పోలయ్య, ఎజ్రా, ఇద్దరే పని చేశారు. గుమ్మం నాలుగు మూరల జానెడు. వంటగట్టు రెండు మూరలు. అరుగు మూరెడు, కూర్చుంటే కనక కాళ్ళు నేలకి ఆనేటట్టు. వంటగట్టు పక్కన పొయ్యి కూడా వచ్చింది. బొమ్మలో లేదు కదా అని పోలయ్య గుర్తు చేస్తే, బొమ్మలో పురుగు కూడా లేదు అన్నాడు ఎజ్రా.

రవిబాబు తను రాలేక వారానికోసారి ఫొటోలు అడిగేవాడు. పోలయ్య తీసి పంపేవాడు. ఊరికే ఇల్లు తీస్తే బోసిగా ఉందని కనకని గుమ్మంలో నిలబెట్టేవాడు. ఫొటోలో మనిషి ఉంది, మనిషి మీద గుమ్మం కావలసినంత ఎత్తుగా ఉంది. ‘సూపర్’ అని రవిబాబు బొటనవేలు బొమ్మ పెట్టేవాడు.

ఈలోగా కనక పాకలో సామాను సర్దడం మొదలుపెట్టింది. రెండు గిన్నెలు, ఒక కంబళి, కత్తిపీట. రోలు ఎలా తీసుకెళ్ళాలో తెలియక రోజూ దాని చుట్టూ తిరిగేది. కొత్తింట్లోకి మాత్రం ఫొటోలకి తప్ప అడుగు పెట్టలేదు. “అలవాటైపోతే ఒదల్డం కట్టం గదన్నా” అంది ఒకరోజు. ఎజ్రా ఆ రోజు తలుపు రెక్కని చెయ్యాల్సినదానికన్నా ఎక్కువసేపు చిత్రిక పట్టాడు.

గృహప్రవేశం నాడు ఊరంతా వచ్చింది. రవిబాబు భార్య కృపావతి వచ్చింది. రవిబాబు కొత్త చొక్కా వేసుకుని, కొబ్బరికాయ కొట్టి, ఊరందరూ చూస్తుండగా కుడికాలు లోపల పెట్టాడు. నుదురు గుమ్మం పై పనస కమ్మీకి తగిలింది. పనస మంచి చెక్క, పెద్ద చప్పుడు చెయ్యదు. కొబ్బరికాయ కన్నా కొంచెం తక్కువ చేసింది.

“మేస్త్రీ!” అన్నాడు రవిబాబు నుదురు పట్టుకుని. “కొలత తప్పింది!”

ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎజ్రా వినని మాట అది.

“తప్పలేదు బాబూ.”

“ఇదేటి మరి? బుర్ర పగిలింది గదా!”

“నువ్వు కనకమ్మ మూర తియ్యమన్నావు. ఎవలి మూర తీత్తే ఆల్దే ఇల్లని సెప్పినాను. అలాగే అన్నావు.”

“నేనా? ఎప్పుడన్నాను? నాతో ఇలాంటివి కుదరవు. నా ఫోన్లో ప్రతి కాలూ రికార్డవుద్ది.” పూర్వం ఒక పై అధికారి ఏదో చెప్పి చెప్పలేదన్నాడట, అప్పటినుంచీ రవిబాబుకి అదొక అలవాటు. ఊరందరి ముందూ ఫోను తీసి, ఆ మంగళవారం వెతికి, సౌండు పెంచి పైకెత్తి పట్టుకున్నాడు.

“ఎవరి చెయ్యైతే ఏటి? అప్ప అక్కడే ఉంది గదా” అంది ఫోను.

“మీ గొంతులాగే ఉందండీ” అంది కృపావతి.

రవిబాబు ఆపుదామని వేలు పెట్టాడు. కంగారులో అది ఆగలేదు. “అలాగేనయ్యా బాబూ, బేగి కానీ!” ఆ రోజు రవిబాబు కూడా ఫోను కట్ చెయ్యలేదు. తర్వాత ఏదో గరగర, ఎజ్రా బండరాయి దిగుతున్న చప్పుడు. ఆ తర్వాత ఎవరో పెద్దాఫీసరు గొంతు: “ఏంటి రవిబాబూ, ఇల్లు కడుతున్నావా? పర్మిషన్ తీసుకున్నావా?”

వెంటనే రవిబాబు గొంతు, చాలా వినయంగా: “అబ్బే, నాది కాద్సార్. మా అప్పది. నన్ను చదివించింది ఆవిడే సార్. జన్మంతా పాకలోనే ఉంది. ఆవిడ కోసమే కట్టిస్తున్నాను.”

“గుడ్. ఈ రోజుల్లో ఎవరు చేస్తారయ్యా” అంది ఆఫీసరు గొంతు. అక్కడితో కట్టయింది.

పోలయ్య తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. ఊరి ఆడవాళ్ళు కనక వైపు చూశారు. కనక తమ్ముడి వైపు చూసింది.

“నిజమేనేటిరా?” అంది.

“అవునప్పా” అన్నాడు రవిబాబు. కుడిచెయ్యి దానంతటది లేచి చెవి తమ్మె పట్టుకుంది.

కనక ఆ చెయ్యిని చూసింది. చూసి, కొంగుతో ఒక కన్ను తుడుచుకుని, ఊరందరి వైపూ తిరిగింది.

“ఇన్నారా? నాకు ఒక్క ముక్క సెప్పకుండా కట్టించినాడు. నా గుంటడు ఇలాంటోడని నాకు ముందే తెలుసు.”

ఊరంతా రవిబాబుని మెచ్చుకుంది. పెద్దవాళ్ళు వచ్చి భుజం తట్టారు. బొప్పి కట్టిన నుదుటితో ఆయన అందరికీ నమస్కారం పెట్టాడు. మొదట్లో ప్రతి నమస్కారం తర్వాతా చెయ్యి మళ్ళీ చెవి మీదకే పోయేది, అయిదారయ్యేసరికి పోవడం మానేసింది. ఎజ్రా అది గమనించాడు.

ఎజ్రా సంచిలోంచి మూరకర్ర తీసి రవిబాబుకిచ్చాడు. రవిబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన మోచేతి మీద పెట్టుకున్నాడు. మణికట్టు దాటి కొంచెం దూరంలోనే అయిపోయింది. ఇంత చేతితోనా నన్ను చదివించింది, అనుకున్నాడో ఏమో, కర్రని అప్ప చేతిలో పెట్టాడు.

“నువ్వే పెట్టప్పా” అన్నాడు.

కనక గుమ్మంలో నిలబడి చెయ్యెత్తింది. మునివేళ్ళ మీద లేవలేదు, ఎవరూ ఎత్తలేదు. చెయ్యి సరిగ్గా సందు దగ్గరికి వెళ్ళి ఆగింది. కర్ర లోపలికి దూరిపోయింది. ఎజ్రా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కొలత అంటే అదీ.

“పాక పీకమంతావా బాబూ?” అని అడిగాడు కాసేపయ్యాక.

“పీకెయ్. నేనొచ్చినప్పుడు కారు పెట్టుకోవాలి గదా. ముందు ఆ రోలు లోపలికి పట్టండి.”

లోపల అప్పటికే పొయ్యి రాజుకుంది. పెంకుల సందుల్లోంచి పొగ లేచింది. కనక కేకేసింది: “కూడు సల్లారిపోతంది, రారా. తల జాగర్త.”

రవిబాబు వంగి లోపలికి వెళ్ళాడు.