సూది బెజ్జం

రోజూ బడికి వెళ్ళేముందు పక్కగది అవ్వకు ఇరవై సూదుల్లో దారం ఎక్కించి, గుడ్డకు గుచ్చి ఇచ్చేదాన్ని. ఆమె దర్జీ దుకాణంలో చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టేది. అంచును వేలితో తడుముకుంటూ మిషను కంటే పొందికగా కుట్టేది కానీ, సూది బెజ్జం మాత్రం ఆమెకు కనబడేది కాదు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

"దుకాణం మేస్త్రికి తెలిస్తే నా నోటి దగ్గర కూడు పోతుందే" అని నా చేత ఒట్టు వేయించుకుంది.

భర్త పోయిన ఏడాదే మరుదులు ఆమెను ఇంట్లోంచి పంపేశారు. మెట్ల కింది గదిలో ఒక్కతే ఉంటుంది. ఒకసారి మూడు రోజులు జ్వరంతో పడి ఉంటే తలుపు తట్టినవాళ్ళు లేరు. గోడకు ఇవతలే ఉన్న మేమూ తట్టలేదు.

నిన్న పరీక్ష ఉందని, తెల్లవారకముందే హడావిడిగా దారాలు ఎక్కించాను. సాయంత్రం దుకాణం ముందుకు వచ్చేసరికి లోపల మేస్త్రి అరుస్తున్నాడు.

"నల్ల చొక్కాకి నీలం కాజాలా! తొడుక్కునేవాడు మనిషా, దిష్టిబొమ్మా?"

"ధ్యాస తప్పింది నాయనా. విప్పి కుట్టేస్తాలే."

"ధ్యాస ఎటు పోయింది? పెళ్ళి సంబంధాలు చూస్తున్నావా?"

"చూస్తున్నా. నీకంటే నెమ్మదస్తుడు దొరికితే చెప్తా."

అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వేశాడు. "సరే, రేపటికల్లా విప్పి కుట్టు."

అంతటితో అయిపోయేదే. కానీ తప్పు నాది. నా వల్ల ఆమె మాట పడటం చూడలేకపోయాను. బడిలో హాజరు కూడా గట్టిగా పలకని నేను గడప ఎక్కాను.

"అవ్వ తప్పు కాదండీ. నేనే చీకట్లో వేరే దారం ఎక్కించాను."

మేస్త్రి కత్తెర కింద పెట్టాడు. "నువ్వెందుకు ఎక్కిస్తున్నావమ్మా?"

నేను అవ్వ వైపు చూశాను. అతను సూదీ దారమూ అవ్వ ముందు పెట్టాడు. ఆమె దారం కొసను తడిచేసి, పురిపెట్టి, మూడుసార్లు సూది పక్కనుంచే పోనిచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇక ఇంటిపట్టున ఉండు అవ్వా" అన్నాడు మేస్త్రి, మెత్తగానే.

దారిలో నేను ఏడుస్తుంటే, "ఊరుకోవే. మంచికే చెప్పావులే" అంది. ఎప్పుడూ వీధిలో నాకంటే నాలుగడుగులు ముందు నడిచే మనిషి, నిన్న నా భుజం పట్టుకుంది. ఇక దాచాల్సిన పని లేదు కదా. మలుపులో గుంట ఉందని చెప్పాను.

"తెలుసులే" అంది. కానీ నేను దాటేదాకా అడుగు తీయలేదు.