మాస్టారికి ఒంట్లో బాగాలేదు

యూనుస్ మాస్టారికి ఒంట్లో బాగాలేక ఏడాది కావస్తోంది. పోయినసారి వరికోతలయ్యాక ఒక ఉదయం ఆయన ఊపిరి ఆగింది. ఆ సాయంత్రమే ఆరోగ్య కేంద్రంలో పనిచేసే శిష్యుడొకడు వచ్చి, ఏడుపు దిగమింగుకుంటూ, ఆయన ఒంట్లోకి మందు ఎక్కించి వెళ్ళాడు. హైస్కూలు ప్రయోగశాలలో కప్పలు చెడిపోకుండా సీసాల్లో పోసే మందే అది. "నన్నూ ఒకరోజు ఇలాగే దాస్తార్రా. చీటీ మాత్రం సరిగ్గా అంటించండి, లేకపోతే కప్పనుకుని కోసేస్తారు" అని మాస్టారు ఎంతమంది పిల్లల్ని నవ్వించారో లెక్కలేదు. అలా నవ్వినవాళ్ళలో ఆ శిష్యుడూ ఒకడు.

అప్పట్నుంచీ మాస్టారు ఇంటి దక్షిణపు గదిలో పడుకుని ఉన్నారు. తొరాజా కొండల్లో ఆచారం అంతే. పెద్ద కూతురు ఎస్తేర్ సముద్రం అవతల పాపువా నుంచి రావాలి, చుట్టాలందరూ కూడాలి, మొదటి దున్నపోతు నేలకొరగాలి. అప్పుడు ఆయన తల ఉత్తరానికి తిప్పుతారు. ఆయన పోయినట్టు లెక్క అప్పుడే. అందాకా జబ్బు మనిషి. జబ్బు మనిషికి పొద్దున కాఫీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్ళీ కాఫీ ఇవ్వాలి. వచ్చినవాళ్ళు "ఎలా ఉంది మాస్టారూ" అని పలకరించాలి, వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళాలి. 'పోయారు' అన్న మాట ఆ ఇంట్లో నోటెంట రాకూడదు. ఏడుపు బయటికి వినపడకూడదు. ఎక్కడైనా జబ్బు మనిషి పక్కన కూర్చుని శోకాలు పెడతారా?

ఆయన పాత శిష్యురాలు దమారిస్‌ని ఈ పద్ధతే నిలబెట్టింది. మాస్టారు రిటైరయ్యాక ఆ హైస్కూల్లో సైన్సు చెబుతున్నది ఆమే. రోజూ బడి వదలగానే తిన్నగా వచ్చి, చెక్క మెట్లెక్కి, దక్షిణపు గదిలో చాప మీద చతికిలబడి ఆ రోజు కబుర్లన్నీ ఆయనకి చెప్పేది. అద్దాల పాఠం సగం క్లాసుకి ఎక్కలేదని, హెడ్మాస్టరు మైక్రోస్కోపుని మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడని, ఆ మహానుభావుడికి అది పెళ్ళికి దాచుకున్న నగ కాబోలని. ఆయన బదులు చెప్పేవారు కాదు. చెప్పకపోతేనేం? ఆమె బదులు కోసం ఒకప్పుడు ఆయన చూసిన ఎదురుచూపు ముందు ఇదెంత?

చిన్నప్పుడు దమారిస్‌కి నత్తి. ఏ టీచరూ లేపి ప్రశ్న అడిగేవాళ్ళు కాదు. పొరపాటున అడిగినా, మొదటి అక్షరం దగ్గర ఆమె తంటాలు పడుతుంటే "సరేలే, కూర్చో" అనేసేవారు. జాలికి జాలీ అయ్యేది, పాఠమూ ముందుకు సాగేది. యూనుస్ మాస్టారు మాత్రం ప్రశ్న అడిగి, వెళ్ళి కిటికీ గూట్లో కూర్చున్నారు. క్లాసు కిసుక్కుమంది. "నవ్వుకోండి. మనకేం తొందర లేదు, కొండెక్కడికీ పోదు" అని బయట మంచు చూస్తూ ఉండిపోయారు. దమారిస్ చెప్పింది. బెల్లు కొట్టేశాక చెప్పింది. అదీ తప్పు జవాబు. "తప్పే. కానీ పూర్తిగా చెప్పావు కాబట్టి తప్పని తెలిసింది" అన్నారాయన. ఆ మాట మోసుకుని ఆమె ఇంటిదాకా పరిగెత్తింది. లోకంలో ఒక మనిషి తన మాట కోసం ఆగాడు.

ఆయనకి 'తెలీదు' అంటే కోపం లేదు. 'అంటారు' అంటే మాత్రం ఒళ్ళు మండిపోయేది. "ఎవరంటారు? తీసుకురా వాళ్ళని, బెంచీ ఎక్కిస్తా. నువ్వు చూసింది చెప్పు. చూడాలనుకున్నది నాకెందుకు?" అనేవారు. ఆ తిట్టు తినని పిల్ల ఆ చుట్టుపక్కల లేదు.

ఇప్పుడు ఆ తిట్టే దమారిస్ మెడకి చుట్టుకుంది.

ఆ రోజు ఏడో క్లాసులో సజీవుల లక్షణాల పాఠం. ఊపిరి తీసుకోవడం, తినడం, ఎదగడం, తాకితే కదలడం అని బోర్డు మీద రాసింది. చివరి బెంచీలో తండి అనే కుర్రాడు చెయ్యెత్తాడు.

"టీచర్, పెద్ద మాస్టారు ఊపిరి తీసుకోరు కదా. మరి బతికున్నట్టా, పోయినట్టా?"

పిల్లల తలలన్నీ రెండో బెంచీ వైపు తిరిగాయి. అక్కడ ఎల్సీ ఉంది, మాస్టారి కొడుకు కూతురు.

"ఆయనకి జబ్బంటారు కదరా, మొద్దూ" అని ఎవరో తండిని మందలించారు.

"ఎవరంటారు?" అంది దమారిస్. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. వచ్చేశాక ఆగడం కుదరలేదు. ఆయన క్లాసులో, ఆయన బోర్డు ముందు నిలబడి, రాసినదానికి విరుద్ధంగా ఏం చెబుతుంది? "పోయారు" అంది. "ఈ లక్షణాలేవీ లేవంటే చనిపోయినట్టే."

ఎల్సీ నెమ్మదిగా అడిగింది. "అయితే టీచర్, నేను రోజూ కాఫీ ఎవరికిస్తున్నాను?"

దమారిస్ వెనక్కి తిరిగింది. బోర్డు తుడిచేసింది.

కొండల్లో మాట మనిషికంటే ముందు ఇల్లు చేరుతుంది. సాయంత్రం ఆమె వెళ్ళేసరికి మాస్టారి భార్య మెట్ల పైన, గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. పెద్ద కూతురి పేరుతో ఊరంతా ఆమెను ఇందో ఎస్తేర్ అంటుంది, ఎస్తేర్ తల్లి అని. ఎల్సీ ఆమె వెనక తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎక్కడికి?"

"మాస్టారిని చూడ్డానికి, ఇందో."

"ఏ మాస్టారు? చచ్చిపోయినాయనా? చచ్చిపోయినవాళ్ళతో నీకేం కబుర్లమ్మా? మీ సైన్సు ఒప్పుకుంటుందా?"

దమారిస్ తల వంచుకుంది.

"పిల్లకి కాఫీ కప్పిస్తే తీసుకెళ్ళనంది. 'తాతయ్య తాగరు నానమ్మా, చల్లారాక తాగేది నువ్వే' అంది. నాకు తెలీదా ఎవరు తాగుతున్నారో? నలభై ఏళ్ళు సైన్సు మాస్టారితో కాపురం చేశాను, నాకు చెప్పొచ్చారా మీరిద్దరూ?" ఆమె గుమ్మానికి ఇంకాస్త అడ్డంగా జరిగింది. "ఇంకో నెలలో వాళ్ళంతా వస్తారు. డోలు కొడతారు, దున్నల్ని కోస్తారు, ఆయన్ని నా ఇంట్లోంచి మోసుకుపోతారు. ఆ నెల కూడా నాకు ఉంచలేకపోయావు."

"తప్పైపోయింది, ఇందో."

"అయితే దిద్దుకో. అదిగో పిల్ల. తాతయ్యకి జబ్బేనని, నువ్వే పొరపాటుగా అన్నావని దాని మొహం చూసి చెప్పు. చెప్పి లోపలికెళ్ళు, నీ ఇష్టమొచ్చినంతసేపు కూర్చో. లేదా మెట్లు దిగు. తల ఉత్తరానికి తిప్పిన రోజున వద్దువుగాని, అందరితో పాటు."

చిన్న మాట. ఊరంతా రోజూ అంటున్నదే, ఏడాదిగా తనూ అంటున్నదే. అనేస్తే ఆ చాప, ఆ గది, ఆయన పక్కన ఇంకో నెల సాయంత్రాలు. అనకపోతే ఇవాళ్టితో సరి, ఆఖరి చూపు జనం భుజాల మీదుగానే. ఎల్సీ కళ్ళార్పకుండా చూస్తోంది. ఆ పిల్లకి జబ్బు అన్న మాట కావాలో, పోయారు అన్న మాట కావాలో మొహంలో తెలియడం లేదు. నిజం మాత్రం కావాలి, అది తెలుస్తోంది.

దమారిస్ నోరు తెరిచింది. మొదటి అక్షరం దగ్గర నాలుక అంటుకుపోయింది. ఎన్నో ఏళ్ళుగా రాని నత్తి. దవడ బిగుసుకుంది, మెడ నరాలు లేచాయి, మాట మాత్రం ఊడిరాలేదు.

"ఊఁ, చెప్పు" అని గద్దించింది ఇందో ఎస్తేర్. "చెప్పవేం? పిల్లల ముందు గడగడా వచ్చిందిగా."

ఇంకాస్త ఆగితే ఏదో ఒకటి వచ్చేదేమో. కానీ ఎవరాగుతారు? కిటికీ గూట్లో కూర్చుని, మనకేం తొందర లేదని, బెల్లు కొట్టినా కదలకుండా ఉండే మనిషి ఎక్కడున్నాడు? లేడు. ఈ గోడకి అవతలే ఉన్నాడు, లేడు. పొద్దున క్లాసులో చెప్పింది ఒట్టి నోరు. దమారిస్‌కి తెలిసింది ఇప్పుడే.

మెట్ల మధ్యలో కూలబడి బావురుమంది. చిన్నపిల్లలా, సిగ్గూ శరమూ లేకుండా, గొంతెత్తి ఏడ్చింది. అరచేతులతో నోరు మూసుకుంది, ఆగలేదు. ఎదురుగా వడ్ల కొట్టు కింద చాటతో కూర్చున్న మాస్టారి అక్క తాబితా చాట పడేసి పరిగెత్తుకొచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి.

"ఏమే, బుద్ధి గడ్డి తిన్నదా నీకు?" అంటూ తాబితా ఆమె జబ్బ పట్టి గుంజింది. "లోపల జబ్బు మనిషిని పెట్టుకుని ఆ ఏడుపేమిటి? వినేవాళ్ళేమనుకుంటారు? లే, దిగు. తమ్ముడికి వినపడుతుంది."

"వదిలెయ్యండి వదినా" అంది ఇందో ఎస్తేర్.

"వదిలెయ్యడమేమిటి? నీకూ మతిపోయిందా? డోలు మోగకుండా ఈ ఇంట్లో..."

"ఏడవనివ్వండి దాన్ని. ఆయన పోయారు."

తాబితా చెయ్యి జారిపోయింది. నిలబడ్డావిడ అలాగే కింది మెట్టు మీద కూర్చుని, కప్పుకున్న బట్ట మొహం మీదికి లాక్కుంది. ఎల్సీ వచ్చి నానమ్మ నడుం పట్టుకుంది. ఇందో ఎస్తేర్ మాత్రం ఆ మాట ఎవరన్నారా అన్నట్టు చుట్టూ చూసింది. పెదాలు తడుముకుంది. పిల్ల చేతులు మెల్లగా విడిపించుకుని, ఒంగిన నడుంతోనే గబగబా లోపలికి వెళ్ళింది.

తెరిచిన తలుపులోంచి దమారిస్‌కి దక్షిణపు గది కనిపిస్తోంది. ఇందో ఎస్తేర్ ఆయన పక్కన కూర్చుంది. దుప్పటి అంచు సర్ది, ఆయన చెవి దగ్గరికి ఒంగింది.

"మిమ్మల్ని కాదులెండి" అంది. "ఇంకెవరి సంగతో అనుకుంటున్నాం. మీరు పడుకోండి."