విస్తరి మడవని పెద్దమనిషి

మీరే. యూనివర్సిటీ ప్రొఫెసర్లూ, లెక్చరర్లూ, ఊరి పెద్దలూ, మిమ్మల్నే అంటున్నా. నా మెట్రిక్ పరీక్షని మీరు తిన్నారు. ముద్దపప్పులో నెయ్యి వేసుకుని, గోంగూరలో ఉల్లిపాయ నంజుకుని, ఆఖర్న గడ్డపెరుగు పోయించుకుని మరీ తిన్నారు. తిని, "అమ్మా, మీ చేతి వంట అమృతం" అని తేన్చి వెళ్ళారు. ఆ తేన్పు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అలాంటి మీరు మా అరుగు మీద కూర్చుని, నేను కాచిన కాఫీ తాగుతూ, ఇక్కడ హోటలు వద్దని తీర్మానం చెయ్యబోతారా?

మొదట్నుంచీ చెబుతాను. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే రోడ్డు మీద, మిరప తోటల మధ్య, యూనివర్సిటీ వాళ్ళు పైచదువుల సెంటరు పెట్టారు. మా ఆయన అంకారావు గారు అందులో ఎకనామిక్సు లెక్చరరు. సెంటరు గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల మా ఇల్లు. చుట్టుపక్కల హోటలన్నది లేదు. ఓ టీ బడ్డీ ఉంది, అక్కడ మిరపకాయ కోతకి వచ్చే ఆడకూలీలకి టీ కొబ్బరి చిప్పల్లో పోస్తారు, రోడ్డు మీద నిలబడి తాగి పోవాలి. మరి సెంటరుకి వచ్చే పెద్దవాళ్ళు ఎక్కడ తినాలి? మా ఇంట్లో. ఎగ్జామినర్లొస్తే మా ఇంట్లో. ఇంటర్వ్యూలకి మద్రాసు నుంచి మనిషొస్తే మా ఇంట్లో. కొడుకుని చేర్పించడానికి ఒంగోలు నుంచి వచ్చిన తండ్రి, ఆ తండ్రి వెంట వచ్చిన బావమరిది, వాళ్ళకి దారి చూపించిన బంట్రోతు, అందరూ మా ఇంట్లోనే. "మా ఇల్లుండగా మీకు ఇంకో చోటేమిటండీ!" అంటారు మా ఆయన. ఆ మాట అనడానికి ఆయనకి నోరు నొప్పి పుట్టదు. అది వండడానికి నా నడుం విరుగుతుంది. పత్తి కట్టె పొయ్యి. కట్టె అయిపోతే మిరప కట్టె. మిరప కట్టె పొగలో ఒక్క పూట కూర్చుని అన్నం వార్చండి, మీ ఎకనామిక్సు మీకు దగ్గులో వచ్చేస్తుంది.

నా పేరు మల్లేశ్వరి. పెద్దమనిషినయ్యానని బడి మాన్పించారు. ఆ తర్వాత చదివిందంతా పప్పూ ఉప్పూ కట్టుకొచ్చిన పేపరు ముక్కల్లో చదివిందే. కందిపప్పు పొట్లంలో సగం వార్త ఉంటే మిగతా సగం కోసం వారం రోజులు ఆరాటపడేదాన్ని. మెట్రిక్కి ప్రైవేటుగా కట్టానంటే అది జయకుమారి పుణ్యం. ఆవిడ గుంటూరులో మిషన్ బడి టీచరు, రోజూ ఇక్కణ్ణుంచే బస్సులో వెళ్ళొస్తుంది. ఆవిడ భర్త యేసుపాదం గారు మా ఆయనతో పాటే సెంటర్లో కెమిస్ట్రీ చెబుతారు. జయకుమారిని మా అత్తయ్య వెంకాయమ్మ గారు గడప దాటనివ్వదు. అందుకని వెనక దొడ్లో మా పాఠాలు. సెలవు రోజుల్లో అత్తయ్య కునుకు తీసే వేళ, ఆరబోసిన మిరపకాయల పక్కన కూర్చుని, నేను తొడిమలు తీస్తూ ఉంటే ఆవిడ ఆల్జీబ్రా చెప్పేది. చేతులు మంట, కళ్ళు మంట. పుస్తకం అంచులన్నీ ఎర్రగా అయిపోయాయి. "మల్లీ, కన్ను నలుపుకోకు, చెయ్యి కారంగా ఉంది" అనేది. ఈ ఇంట్లో నా కన్ను గురించి ఒకరు మాట్లాడటం అదే మొదలు.

పోయినేడు లెక్కల పరీక్ష రోజున ఏం జరిగిందో వినండి. పరీక్ష గుంటూరులో, పదింటికి. బస్సు మా ఇంటి ముందే ఆగుతుంది. ఆ పొద్దున ఎగ్జామినరు ఒకాయన మా ఇంట్లో దిగారు. తొమ్మిదింటికల్లా భోజనం చేసి గేటు దాటితే చాలు, అవతలే ఆయన పని. నేను కోడి కూయకముందే లేచి అంతా వండేశాను. ఆయన విస్తరి ముందు కూర్చున్నారు. మా ఇంట్లో ఓ ఆచారం ఉంది. అతిథి విస్తరి మడిచేదాకా వడ్డించే మనిషి కదలకూడదు. కదిలితే అతిథిని ఆకలితో లేపినట్టట. నేను పెరుగు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆయన పెరుగన్నం దాకా వచ్చి ఆగిపోయారు. చెయ్యి విస్తట్లో ఆరిపోతోంది, నోరు మాత్రం ఆరదు. దేశంలో ఆడవాళ్ళకి చదువు ఎంత అవసరమో చెబుతున్నారు! నవ్వకండి, నిజం. "ఒక స్త్రీ చదువుకుంటే ఒక కుటుంబం చదువుకున్నట్టు కాదుటండీ అంకారావు గారూ" అంటున్నారు. మా ఆయన "అవునండీ అవునండీ" అంటున్నారు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన తన విస్తట్లో పప్పు వంక చూశారు. కిటికీలోంచి బస్సు వచ్చి ఆగడం కనిపించింది. జయకుమారి కిటికీ పక్క సీట్లో నుంచి చెయ్యి ఊపింది. కండక్టరు నా కోసం రెండుసార్లు బెల్లు కొట్టాడు. పెద్దమనిషి విస్తరి మడవలేదు. బస్సు వెళ్ళిపోయింది.

సాయంత్రం ఏడిస్తే అత్తయ్య, "నలుగురికి పెట్టే చెయ్యి నీది. ఆ పుణ్యం ముందు నీ మెట్రిక్కెంత!" అంది. మా ఆయన, "వచ్చే ఏడు రాద్దువులే, పరీక్ష ఎక్కడికి పోతుంది" అన్నారు. తన ఎగ్జామినరు మాత్రం ఒక్క పూట ఆగడు.

ఇక మొన్నటి సంగతి. మద్రాసులో, బెజవాడలో, నెల్లూరులో బ్రాంచీలున్న హోటలు కంపెనీ ఒకటి మా సెంటరు పక్కన స్థలం అడిగింది. కింద భోజనం, పైన బస. కంపెనీ తరపున మీరా హుస్సేన్ గారని ఒకాయన వచ్చి, "మీ అందరి అభిప్రాయం చెప్పండి, మీకు ఇష్టం లేకపోతే మా వాళ్ళు చీరాల వెళ్ళిపోతారు" అన్నాడు. సెంటరు ప్రొఫెసరు గారు ఆదివారం మా అరుగు మీదే సభ పెట్టారు. అందరి అభిప్రాయం అన్నారుగా! ఆ అందరిలో ఒక్క ఆడదీ లేదు. కాఫీలు మాత్రం అందరికీ కావాలి.

మర్నాడు సోమవారం. నా లెక్కల పరీక్ష మళ్ళీ సోమవారం. ఎగ్జామినర్లు నలుగురు మళ్ళీ సోమవారం పొద్దున్నే. నా పరీక్ష సంగతి ఆ అరుగు మీద నాకూ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయన మర్చిపోయారు.

ప్రొఫెసరు గారు మొదలెట్టారు. "హోటలంటే కాఫీ. కాఫీ అంటే కబుర్లు. కబుర్లంటే రాజకీయాలు. పిల్లలు పాడైపోతారు." ఈ ముక్క అంటున్నప్పుడు ఆయన చేతిలో కాఫీ గ్లాసు ఉంది, మూడో విడతది.

మిరప తోటల ఆసామి పానకాలు గారు అందుకున్నాడు. "అదంతా నాకు తెలవదండీ. హోటలొస్తే మా కూలోళ్ళు అంట్లు తోమడానికి అందులోకి దూరతారు. చెట్ల మీద పండుగాయని మీరొచ్చి కోస్తారా ప్రొఫెసరు గారూ?"

తలుపు చాటునుంచి అత్తయ్య, "ఏ కులం వాడు వండాడో, ఎవడి పక్కన ఎవడు కూర్చున్నాడో! ఛీ ఛీ" అంది.

అరుగు చివర, మెట్టు పక్కన వేసిన కుర్చీలో యేసుపాదం గారున్నారు. ఆయనకి మా ఇంట్లో ఎప్పుడు అన్నం పెట్టినా ఆ చివరే పెట్టాలని అత్తయ్య ఆజ్ఞ. ఆయన మెల్లగా, "హోటల్లో బల్ల అందరికీ ఒకటేనండీ. డబ్బిస్తే ఎవరైనా కూర్చోవచ్చు" అన్నారు. అంతే. ఒక్కరూ ఆయన మొహం చూడలేదు. పానకాలు గారు తుండుగుడ్డ దులుపుకున్నాడు.

మీరా హుస్సేన్ గారు సర్దబోయాడు. "ఆడవాళ్ళకి వేరే గది ఉంటుందండీ, పరదా కట్టిస్తాం. వంటకి మగ మాస్టర్లే. ఆడకూలీలుంటే వెనక షెడ్డులో పిండి రుబ్బడానికే."

అంటే ఇంట్లో ఊరికే వండితే ఆడదాని పని. జీతమిస్తే మగాడి పని. రుబ్బురోలు మాత్రం ఎక్కడికెళ్ళినా మా వెనకాలే వస్తుంది.

అప్పుడు మా ఆయన లేచారు. గొంతు సవరించుకుని, "అసలు హోటలు దేనికండీ? పరాయి చేతి కూడు తినాల్సిన ఖర్మ మనకేం? మా ఇల్లు లేదూ? మా ఆవిడకి నలుగురికి పెట్టడమంటే ప్రాణం. సాక్షాత్తూ అన్నపూర్ణ!" అన్నారు. అరుగంతా చప్పట్లు. నేను కాఫీ పళ్ళెం పట్టుకుని గడపలో ఉన్నాను.

ఇన్నాళ్ళూ నాకు తోచనిది అప్పుడు తోచింది. వీళ్ళకి హోటలు అక్కర్లేక కాదు. వీళ్ళకి హోటలు ఉంది. దాని పేరు మల్లేశ్వరి. దానికి అద్దె లేదు, సెలవు లేదు, కుర్చీ లేదు. దాన్ని అన్నపూర్ణా అంటే చాలు, మళ్ళీ పొయ్యి వెలిగిస్తుంది.

"నా అభిప్రాయం కూడా అడగండి" అన్నాను.

మా ఆయన నవ్వబోయి ఆగారు. "మల్లేశ్వరీ, నువ్వు లోపలికెళ్ళు."

"లోపలికే పోతాను. నేను లోపల ఉన్నంత కాలమేగా మీకు హోటలు అక్కర్లేనిది! కట్టించండి. రేపు నాకు పరీక్ష. నేను వండను."

ప్రొఫెసరు గారు చాలా మర్యాదగా చెప్పారు. "సంతోషం తల్లీ, చదువుకోవాల్సిందే. కానీ నలుగురు ఎగ్జామినర్లొస్తున్నారు. నీ పరీక్షదేముంది, సెప్టెంబర్లో మళ్ళీ ఉంటుంది."

"అయితే వాళ్ళనే సెప్టెంబర్లో రమ్మనండి."

యేసుపాదం గారు గ్లాసు చాటున నవ్వారు. పానకాలు గారు, "ఓర్నాయనో, లెక్చరరు గారి ఇంట్లో ఇంకో లెక్చరరు!" అన్నాడు. మా ఆయన మొహం మిరపపండైంది. సభ ఏమీ తేల్చకుండా లేచింది. ఇంకోసారి కూర్చుందామనుకున్నారు. కాఫీ గ్లాసులన్నీ అరుగు మీదే వదిలేసి పోయారు. నేను తియ్యలేదు.

జనం పోయాక మా ఆయన అన్నారు, "నలుగురిలో నా పరువు తీశావు."

"మీ పరువు నా గరిటెలో ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదండీ" అన్నాను.

"కడుపు నిండిన బేరం! నిన్నేం కొట్టానా, తిట్టానా?"

కొట్టలేదు, తిట్టలేదు. నిజమే. నా రోజులన్నీ ఒక్కో విస్తట్లో పెట్టి వడ్డించారు. దానికి దెబ్బ కనపడదు, అంతే.

సోమవారం పొద్దున ఎగ్జామినర్లు నలుగురూ మొదటి బస్సుకే దిగారు. కాళ్ళు కడుక్కుని అరుగు మీద వరసగా కూర్చున్నారు. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. నేను స్నానం చేసి, చుక్కల చీర కట్టుకుని, పెన్నూ స్కేలూ పట్టుకుని వాళ్ళ ముందునుంచే నడిచాను. ఒకాయన అలవాటుగా, "అమ్మా, కొంచెం మంచినీళ్ళు" అన్నారు. "కుండ అక్కడుంది, ముంచుకోండి" అన్నాను.

బస్సొచ్చింది. జయకుమారి లోపలినుంచి నా చెయ్యి పట్టి లాగింది. మా ఆయన లుంగీ ఎగ్గట్టి రోడ్డు మీదకి పరుగెత్తుకొచ్చారు. "ఏమే, వీళ్ళకి ఏం పెట్టమంటావే? అమ్మా! నువ్వన్నా పొయ్యి వెలిగించవే!"

అత్తయ్య గడపలోకి వచ్చింది. నలుగురి వంకా చూసింది. నడుం మీద చెయ్యేసుకుని, "నావల్ల కాదురా నాయనా. ముప్పై ఏళ్ళు పెట్టి పెట్టి ఈ నడుం ఇలా అయ్యింది. ఆ హోటలేదో కట్టించి చావరాదూ!" అంది.

నా మీద ప్రేమతో అనలేదు. నడుం నొప్పితో అంది. నాకది చాలు. బస్సు కదిలింది. కోతకి వెళ్ళే ఆడకూలీలు గంపలు ఒళ్ళో పెట్టుకుని విరగబడి నవ్వారు.

పరీక్ష రాశాను. ఫలితం ఇంకా రాలేదు. మీ రెండో సభా ఇంకా జరగలేదు. "ఆలోచిస్తున్నాం" అంటున్నారట. ఏమిటి ఆలోచించేది? ఎండలు ముదరకముందే పునాది తియ్యండి. ఆ పరదా గుడ్డ కోసి బల్లలు తుడుచుకోండి, మేం మీ ఎదురుగానే కూర్చుంటాం. పొయ్యి దగ్గర ఆడవాళ్ళని పెట్టండి, మగ మాస్టరుకిచ్చే జీతమే ఇవ్వండి. యేసుపాదం గారికి నడిమధ్య బల్ల వెయ్యండి. చిప్పలో టీ తాగే కూలీకి ప్రొఫెసరు తాగే గ్లాసే ఇవ్వండి. మాకు తీర్మానాలొద్దు, కొలతలు వేసి ఇటుకలు దింపండి. అంతదాకా ఎవరికి ఆకలేస్తే వాళ్ళు వండుకోండి. తిన్నాక ఎవరి విస్తరి వాళ్ళే మడిచి, ఎవరి చేత్తో వాళ్ళే ఎత్తి బయట పారెయ్యండి.