సబ్సిడీ వచ్చేలోగా కేకు

ఏప్రిల్ నుంచి సోలార్ కుక్కర్లకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుందన్న వార్తను మల్కాజ్‌గిరిలో మా వీధికి చేరవేసింది మావారు దేవానందంగారే. ఎనభైల్లో సంగతి. నవంబరులో ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, కనిపించిన ప్రతివారినీ ఆపి మరీ చెప్పారు. రైల్వే ఆఫీసు ఉద్యోగం కదా, ఆలస్యంగా వచ్చేవాటి మీద ఆయనకు గౌరవం ఎక్కువ.

ఆ వార్తతో మునిగినవారు జోగారావుగారు. మా ఇంటి ముందు గదిలో కిరసనాయిలు స్టవ్వులకు వత్తులు అమ్మేవారు. అంతకుముందు బేగంపేటలో బావమరిది కామరాజు కొట్టులో పనిచేసి, అతని మాటలు పడలేక ఇటు వచ్చారు. సరిగ్గా ఆ అక్టోబరులోనే చేతిలో ఉన్నదంతా పెట్టి సోలార్ కుక్కర్లు తెప్పించారు. సూట్‌కేసంత పెట్టె, లోపల నల్లరంగు, పైన గాజు, మూతకు అద్దం. ఎండలో పెడితే అన్నం ఉడుకుతుంది. మొదట్లో ఒకటీ అరా అమ్ముడుపోయాయి. మావారు నోరు విప్పాక ఒక్కటీ కదల్లేదు. ఏప్రిల్లో సగం ధరకు దొరికేదాన్ని డిసెంబరులో కొనేంత అమాయకులు మా వీధిలో లేరు. నేను బి.ఏ.లో ఎకనామిక్స్ చదివాను. గిరాకీ పడిపోవడాన్ని మా మాస్టారు బోర్డు మీద గీత గీసి చూపించారు గానీ, అది మడత కుర్చీలో కూర్చుని ఈగలు తోలుకుంటుందని చెప్పలేదు.

క్రిస్మస్‌లోగా సరుకు కదలకపోతే కొట్టు మూసి మళ్ళీ బావమరిది దగ్గరికే పోవాలని ఆయన భార్య సీతారత్నం చెప్పింది.

"పోవడానికేం వదినా, పోవచ్చు. వాడు నా తమ్ముడే. కానీ రోజూ గల్లా దగ్గర కూర్చుని, 'బావా, ఇవాళ ఎండ బాగుందా?' అని అడుగుతాడు. ఈయన తట్టుకోలేరు."

చెడగొట్టింది మావారు కాబట్టి బాగుచేయడం నా వంతయింది. మా సంసారంలో అది మామూలే.

సికింద్రాబాదులో మాలాంటి వాళ్ళం క్రిస్మస్ కేకు పిండి ఇంట్లో కలిపి, డబ్బాలకు పేర్లు అంటించి, కాల్చడానికి బేకరీకి మోసుకెళ్తాం. పండగ వారంలో అక్కడ వరుస వీధి మలుపు దాకా ఉంటుంది. డబ్బాలు తారుమారవుతాయి కూడా. అంతకు ముందేడు మాకు ఇంకెవరిదో వచ్చింది. ఎవరిదో తెలియలేదు గానీ, ఏలకులంటే ప్రాణమిచ్చే మనిషని మాత్రం తెలిసింది.

పండగకు పది రోజులుందనగా జోగారావుగారిని ఒక పెట్టె అడిగి తీసుకున్నాను. అందులో కందిపప్పే బద్ధకిస్తుందని, కేకు మాట మరిచిపొమ్మని ఆయన నిజాయితీగా హెచ్చరించారు. ఆ నిజాయితీ వల్లే కొట్టు ఆ స్థితికొచ్చింది. పొద్దున్నే పిండి పోసి, మేడ మీద వీధివైపు పెట్టి, ఎండ జరిగినప్పుడల్లా పెట్టెనూ జరుపుతూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి వాసన మెట్లు దిగి గేటు దాటింది. ఆ పెట్టెలో కేకు పైన ఎర్రబడదు. కానీ పంచదార మాడ్చి పోసిన నల్ల కేకులో ఆ లోపం ఎవరికి కనపడుతుంది?

నేనెవరినీ పిలవలేదు. ఎదురింటి టీచరు కాంతమణక్క తనంతట తానే మేడెక్కి వచ్చింది. ఒక ముక్క తిని, పెట్టె చుట్టూ తిరిగి చూసింది.

"మంచిగనే అయింది గదా! నాకు సుత ఒకటి కావాలె. గానీ ఏప్రిల్ల సగం ధరకొస్తదంట గదనే?"

"వస్తుందక్కా. నువ్వు తప్పకుండా ఆగు. ఈ క్రిస్మస్‌కి డబ్బా పట్టుకుని వరుసలో నిలబడు. వచ్చే క్రిస్మస్‌కి హాయిగా సగం ధరలో చేసుకుందువుగాని."

కాంతమణక్క రెండో ముక్క తీసుకుంది.

"జోగారావు దుకాణం తెరిచున్నదా జెర చూడు."

ఆ తర్వాత పక్కింటి మేబెల్ వచ్చింది, వెనకే వాళ్ళ అత్తగారు. అందరికీ అదే సలహా ఇచ్చాను. కొనమని ఒక్కరికీ చెప్పలేదు. ఆగమనే చెప్పాను. అయినా వారం తిరిగేసరికి కొట్టులో వత్తులు తప్ప ఏమీ మిగల్లేదు. మావారు మాత్రం జనానికి లెక్కలు రావడం లేదని బాధపడ్డారు.

పండగ ముందురోజు, ఈ అమ్మకాల సంగతి తెలియని కామరాజు టెంపో మాట్లాడుకుని బావగారి సరుకు తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఖాళీ కొట్టు చూసి, సామాను ముందే కట్టి ఉంచారనుకున్నాడు.

"పెట్టెలెక్కడ బావా?"

జోగారావుగారు వేలెత్తి పైకి చూపించారు. వీధి పొడుగునా మేడల మీద అద్దాలు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. కామరాజు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూశాడు. తర్వాత టెంపోవాడికి కిరాయిచ్చి పంపేశాడు. సీతారత్నం తమ్ముడికి స్టూలు వేసి, నేనిచ్చిన కేకు పెట్టింది. జోగారావుగారు గల్లా దగ్గర కుర్చీలోంచి లేవకుండానే, ఇవాళ ఎండ బాగుంది కదా, మంచినీళ్ళు కావాలా అని అడిగారు.