క్లచ్చిలో దీపం నూనె

విశ్వకర్మ పూజనాడు నీలమ్మ దేవుడికన్నా కారుకే ఎక్కువ సేవ చేసింది. ఆమె మొగుడు వైకుంఠరావు బరంపురంలో అద్దెకు తిప్పే పాత అంబాసిడర్ అది. అందులో పాత ఇంజను తీసేసి డీజిల్ ఇంజను, దానికి తగ్గ ఆయిల్ క్లచ్చి బిగించింది మెకానిక్కు పని చేసే ఆమె తమ్ముడు తవిటయ్య. పూజయ్యాక దీపంలో మిగిలిన నువ్వులనూనె పారబోయకూడదు కదా! కారు తలుపుల బందులకు రాసింది. బానెట్ కింద ఓ చిన్న డబ్బాలో నూనె అడుగంటినట్టు కనిపిస్తే, పాపం దీనికి మాత్రం ప్రసాదం వద్దా అనుకుని మిగిలిందంతా అందులో పోసేసింది.

ఆ వారమే ఖల్లికోట నుంచి ఓ షావుకారు కుటుంబాన్ని తెస్తుంటే క్లచ్చి పెడలు కిందికి దిగి మళ్లీ లేవలేదు. గేరు పడలేదు. షావుకారు దిగి కారు తోయాల్సి వచ్చింది. వైకుంఠరావు ఆ అవమానమంతా బావమరిది మీద కక్కాడు. నీలమ్మ కూడా తప్పు తమ్ముడిదేనంది. తవిటయ్య కొత్త రబ్బర్లు వేశాడు, గొట్టంలో గాలి తీశాడు. కొన్నాళ్లకే మళ్లీ అదే కథ.

"ఇలాటి మిస్త్రీకి ఎవులూ బండి ఇయ్యకండని స్టాండులో సెప్పేత్తాను!" అన్నాడు వైకుంఠరావు. టాక్సీ స్టాండులోని బండ్లే తవిటయ్యకు బతుకు.

ఈసారి తవిటయ్య అక్కావాళ్ల వాకిట్లోనే క్లచ్చి విప్పాడు. టీ ఇవ్వబోయిన నీలమ్మ ముక్కుకు నువ్వులనూనె వాసన తగిలింది. తమ్ముడి చేతిలో రబ్బరు నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది. పూజనాడు తాను డబ్బాలో పోసిన నూనె గుర్తొచ్చింది.

"ఏటయిందిరా దీనికి?"

"నానే పాత రబ్బరేసినట్టున్నానప్పా," అన్నాడు అక్క వైపు తల ఎత్తకుండా.

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. వాడే ఒప్పేసుకున్నాడు, ఇక తన పేరు రాదు. అలా అనుకున్నందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

"కొత్తదే ఏసినావు కదరా. నాను సూసినాను."

తవిటయ్య గొంతు తగ్గించాడు. "ఈ వాసన నాకు తెలీదేటప్పా? మొన్న ఇప్పినప్పుడే తెలిసింది, దీపం నూనె తగిలితే క్లచ్చి రబ్బరు ఇలాగే ఉబ్బిపోద్ది. కడిగినాను గానీ గొట్టంలో మిగిలిపోయింది. బావ నన్ను తిడితే రెండ్రోజులు. నిన్నయితే ఏడాదంతా దెప్పుతాడు. నోరు మూసుకోని లోపలికెల్లు."

నీలమ్మకు ఏడుపు ఆగలేదు. తన కోసం వీడు తిట్లు తింటుంటే, తాను పక్కనే నిలబడి మొగుడికి వంత పాడింది.

వైకుంఠరావు చొక్కా తొడుక్కుని స్టాండుకు బయలుదేరాడు. ఆమె అడ్డం వెళ్లి నిలబడింది.

"ఆ డబ్బాలో దీపం నూనె పోసింది నాను. స్టాండులో సెప్తే నా పేరు సెప్పండి."

వైకుంఠరావు కారు వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు.

"ఈడికి బండియ్యకండని నిన్ననే సెప్పేసినానే," అన్నాడు మెల్లగా.

నీలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెప్పులు వేసుకుంది.

"అయితే పదండి. నానే వచ్చి సెప్తాను."

"ఒద్దప్పా!" అన్నాడు తవిటయ్య వెనక నుంచి. ఆమె అప్పటికే వీధిలో మొగుడికన్నా ముందు నడుస్తోంది.