ముప్పయ్యో నిమిషం

వెంట్రుకంత సన్నటి గాజుగొట్టాన్ని మంటకు చూపించి, పైపూత బియ్యపుగింజంత మేర కాలగానే చటుక్కున వెనక్కి లాగాడు ల్యాబ్ అసిస్టెంటు. మసి తుడిచి యంత్రంలో బిగించాడు. విద్యుత్తు పెడితే ఎంజైము మార్చిన పదార్థం ఒక వేగంతో, మారనిది మరో వేగంతో ఆ గొట్టంలో పరుగెత్తి, కాల్చిన చోట విడివిడిగా కనిపిస్తాయి. ఎంజైము ఎంత చురుగ్గా పనిచేస్తోందో అలా తెలుస్తుంది.

అంతకుముందు పని కూడా ఆయనదే. ఐదేసి నిమిషాలకు ఎంజైము కలిపిన సీసాలోంచి చుక్క తీయాలి, ఆమ్లం కలిపి చర్యను అక్కడికక్కడే ఆపాలి, టైము రాయాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే. ల్యాబులో పరిశోధన చేసే పిల్లలంతా సెకండ్ల బాబాయ్ అంటారు. ఇంటావిడ మాత్రం, సెకండ్లు లెక్కపెట్టే ఈ మనిషికి కూరలు తెమ్మంటే పూట పడుతుందని దెప్పుతుంది.

మొన్న మూడో చుక్క దగ్గర ఛాతీ పట్టేసింది. స్టూలు మీద కూలబడి లేచేసరికి రెండు నిమిషాలు దాటాయి. అక్కణ్ణుంచి చుక్కలన్నీ ఆలస్యమే. అయినా పుస్తకంలో పదిహేను, ఇరవై అని వేసేశాడు. ఒంట్లో బాలేదంటే ఇంటికి పంపేస్తారని భయం, పాపం. గ్రాఫులో గీత అక్కడ పైకి లేచింది. ఎంజైము మధ్యలో ఊపందుకుంటోందని పరిశోధన చేసే అమ్మాయి ఎగిరి గంతేసింది. రేపు ప్రొఫెసరుగారు దాన్ని మీటింగులో అందరి ముందూ పెడతారు. రెండు రోజులుగా ఈయనకు ముద్ద దిగడం లేదు.

ఇవాళ మళ్లీ చేద్దామన్నాడు. పదిహేనో నిమిషం చుక్క సరిగ్గా తీసి, టైము రాసి, అప్పుడు నోరు విప్పాడు.

"అమ్మాయ్, మొన్న ఇది పదిహేడో నిమిషంలో తీశాను. పదిహేనని రాశాను. ఆ ఊపు ఎంజైముది కాదమ్మా. తప్పు నాది."

ఆమె ముఖం పాలిపోయింది.

"నాలుగేళ్ల పని, బాబాయ్. ఇంకెవరైనా అయితే అనుకోవచ్చు. మీరు..."

మాట పూర్తి చేయకుండా ప్రొఫెసరుగారి గదికి వెళ్లిపోయింది. ఆయనకు తల తీసేసినట్టయింది. అయినా స్టాప్‌వాచి చూసి, ఇరవయ్యో నిమిషం చుక్క తీశాడు. ఎడమ చెయ్యి బరువెక్కుతోంది.

మీటింగు వాయిదా వేశారని, ఎవరూ ఏమీ అనలేదని చెప్పడానికి ఆమె తిరిగొచ్చింది. ఆయన గోడకు జారగిలబడి ఉన్నాడు. భుజం పట్టి కుదిపినా పలకలేదు. స్టాప్‌వాచి ముప్పై నాలుగో నిమిషంలో నడుస్తోంది. డాక్టరు వచ్చి చూసి, తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం ఆమె ఒక్కతే ల్యాబుకి వచ్చి పుస్తకం ముందు కూర్చుంది. మొన్నటి పేజీలో ఆయన పదిహేను కొట్టేసి పదిహేడని, దాని కిందవీ అలాగే దిద్ది, పక్కన సంతకం పెట్టాడు. ఇవాళ్టి పేజీలో ఇరవై ఐదు దాకా సరైన టైములే ఉన్నాయి. ముప్పై ఎదుట గడి ఖాళీగా ఉంది. మూత తీసిన పెన్ను ఇంకా దాని పక్కనే ఉంది.